ఇద్దరు పనిదొంగలు, ఒక వంతెన

(ఇటలీ దర్శకుడు మారియో మోనిచెల్లి తీసిన ‘లా గ్రాండె గెర్రా’, అంటే ‘మహాయుద్ధం’, సినిమా ప్రదర్శన ముగిశాక చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లైట్లు వేసి రెండు నిమిషాలైంది, ఇంకా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. ముందు వరసలో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. ఇదే హాల్లో గంట కిందట పడీపడీ నవ్వాం. రెండు కందకాల మధ్య దారితప్పి తిరుగుతున్న కోడిని ఇటలీవాళ్లు ఒకపక్క నుంచి, ఆస్ట్రియావాళ్లు ఇంకోపక్క నుంచి బుజ్జగించి పిలుస్తుంటే వెనక వరసల్లోంచి ఈలలు కూడా వినపడ్డాయి. అలా నవ్విన నోళ్లకే ఇప్పుడు మాట రావడం లేదు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఇలాగే అయింది. అప్పటినుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు కానీ, ఆ ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఆ వాక్యం ఏమిటో మీరు ఇప్పుడే విన్నారు. యుద్ధం గెలిచారు, సైన్యం ముందుకు పరిగెడుతోంది. ఆ హడావుడిలో అధికారి అంటాడు: ‘ఆ ఇద్దరు పనిదొంగలు ఈసారి కూడా తప్పించుకున్నారు చూడు’ అని. ఇటాలియన్‌లో ఆయన వాడే మాట ‘లవతీవో’. దాని అసలు అర్థం ఎనిమా. వాడుకలో మాత్రం పని చెప్తే తప్పుకు తిరిగేవాడు, మన భాషలో పనిదొంగ. ఆ ఇద్దరూ కాస్త దూరంలో గోడ పక్కన చచ్చిపడి ఉన్నారు. వాళ్లు నోరు విప్పకపోబట్టే ఇవాళ ఈ గెలుపు. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఇంకెప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిసింది మనకు మాత్రమే.

ఈ సినిమా గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే. అయితే అక్కడిదాకా వెళ్లడానికి ముందు యుద్ధం గురించి కాస్త చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనకు ఫ్రాన్సు కందకాలే గుర్తొస్తాయి. ఇటలీవాళ్లు కొండల్లో చేసిన యుద్ధం మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యానికి మించదు.

యుద్ధం మొదలైన 1914లో ఇటలీ అందులో లేదు. అప్పటికి జర్మనీ, ఆస్ట్రియా–హంగరీలతో ఒప్పందంలో ఉన్న దేశం, ఎటూ దిగకుండా పక్కన నిలబడింది. 1915 ఏప్రిల్ 26న లండన్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలతో రహస్యంగా ఒప్పందం కుదుర్చుకుంది. గెలిస్తే ఆస్ట్రియా చేతిలో ఉన్న త్రెంతో, త్రియెస్తె లాంటి ప్రాంతాలు ఇస్తామన్నారు. నెల తిరక్కుండా, మే 24న ఆస్ట్రియా మీద యుద్ధంలోకి దిగింది. సరిహద్దు అంతా కొండలే. పై ఎత్తుల్లో ఆస్ట్రియావాళ్లు, కింద లోయలో ఇటలీవాళ్లు. ఇసోన్జో అనే నది పొడవునా పన్నెండు యుద్ధాలు జరిగాయి. అదే నది, అవే కొండలు, పన్నెండుసార్లు. యుద్ధం ముగిసేసరికి ఇటలీ సైనికులు 6 లక్షల మందికి పైగా చనిపోయారు.

ఆ సైనికులు ఎవరు? ఎక్కువమంది పొలం పనుల నుంచి వచ్చినవాళ్లు. ఇటలీ ఒకే రాజ్యమై అప్పటికి యాభై ఏళ్లు దాటింది, అంతే. 1911 నాటికి ఆ దేశంలో పదిమందిలో దాదాపు నలుగురికి చదవడం రాదు. సిసిలీవాడి మాట వెనిస్‌వాడికి తెలియదు. రోమ్ యాస వింటే మిలన్‌వాడికి ఒళ్లు మంట. బళ్లో నేర్పే ఇటాలియన్ అధికారుల నోట్లో తప్ప కందకంలో వినపడేది కాదు. శ్రీకాకుళంవాడినీ, కర్నూలువాడినీ, ఆదిలాబాద్‌వాడినీ ఒకే గుంటలో కూర్చోబెట్టి, పైనుంచి ఎవరో గ్రాంథికంలో ఆజ్ఞలిస్తున్నట్టు ఊహించుకోండి. మనకు కనీసం మాట అర్థమవుతుంది. వాళ్లకు అదీ కష్టమే.

సినిమాను మోనిచెల్లి అధ్యాయాలుగా విడదీసి, ఒక్కోదాని ముందు ఆనాటి సైనికుల పాటల్లోంచి చరణాలు పెట్టాడు, గమనించారుగా. కందకాల్లో పాడుకున్న పాటలు అవి. ఆ రోజుల్లో బాగా తిరిగిన చరణం ఒకటుంది: కదోర్నా జనరల్ మహారాణికి ఉత్తరం రాశాడట, ‘త్రియెస్తె చూడాలనుంటే పోస్ట్‌కార్డు కొనుక్కో తల్లీ’ అని. లూయీజీ కదోర్నా అప్పటి సర్వసేనాని. చదువు రాని పల్లెటూరి సైనికుడు దేశంలోకెల్లా పెద్ద అధికారి గురించి ఇలా పాడుకుంటున్నాడు. మోనిచెల్లి సినిమా పుట్టింది ఇలాంటి పాటల్లోంచే అని నా నమ్మకం. హాస్యాన్ని ఆయన బయటినుంచి తెచ్చి యుద్ధానికి అతికించలేదు. కందకంలోనే ఉంది, తెరమీదికి తీసుకొచ్చాడు.

కానీ ఈ సినిమా వచ్చిన 1959లో ఇటలీలో చాలామంది అలా అనుకోలేదు. అప్పటికి యుద్ధం ముగిసి నలభై ఏళ్లు. మధ్యలో ముస్సోలినీ ప్రభుత్వం ఇరవై ఏళ్లు ఆ యుద్ధాన్ని పూజాగదిలో పటంలా పెట్టింది. రెదిపూలియా అనే చోట 1938లో కొండవాలంతా మెట్లుమెట్లుగా పెద్ద స్మారకం కట్టారు. లక్షమంది సైనికుల అవశేషాలు అక్కడున్నాయి. ప్రతి మెట్టు మీదా ‘ప్రెజెంతె’ అని చెక్కారు. బళ్లో హాజరు పిలిస్తే ‘ఉన్నానండీ’ అంటాం చూడండి, ఆ మాట. చచ్చినవాళ్ల చేత మెట్టు మెట్టుకీ హాజరు పలికించారు. ఫాసిజం పోయింది, ఆ భాష మాత్రం పోలేదు. మహాయుద్ధం అంటే వీరులు, త్యాగం, మాతృభూమి. అంతే.

అలాంటి చోట దీనో దె లౌరెంతీస్ అనే నిర్మాత ఈ సినిమా మొదలుపెట్టాడు. కథ మహాయుద్ధం, నాయకులిద్దరూ పిరికివాళ్లు, వేస్తున్నది జనాన్ని నవ్వించే నటులు! ఒక్క అడుగు ఫిల్ము తిరక్కముందే పత్రికల్లో గోల మొదలైంది. 6 లక్షలమంది అమరుల మీద జోకులా అని. ఆ కోపాన్ని నేను చిన్నచూపు చూడను. రాసినవాళ్లలో ఆ యుద్ధం చేసి వచ్చినవాళ్లున్నారు. తమ్ముణ్ణి అక్కడ పోగొట్టుకున్నవాడికి ఆ భయం ఉండదా? సినిమా చూశాక చాలామంది మనసు మారింది. ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్‌ను రెండు సినిమాలకు కలిపి ఇచ్చారు. ఒకటి రొసెల్లీనీ తీసిన ‘జనరల్ దెల్లా రొవెరె’, రెండోది ఇది. ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

నటుల గురించి రెండు మాటలు. రోమ్ యాసలో మాట్లాడే ఒరెస్తె యాకొవాచ్చిగా వేసినవాడు అల్బెర్తో సోర్ది. పుట్టింది రోమ్‌లోనే, త్రస్తేవెరె పేటలో. మీలో కొందరికి వింతగా ఉండొచ్చు, సోర్దికి మొదట పేరు తెచ్చింది గొంతు. లారెల్ అండ్ హార్డీ సినిమాల్లో లావుపాటి హార్డీకి ఇటాలియన్ డబ్బింగ్ చెప్పింది ఆయనే. అందుకేనేమో, భయపడ్డ మనిషి గొంతు ఎలా వణుకుతుందో, ఎక్కడ కీచుమంటుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మిలన్‌వాడు జొవాన్ని బుసాక్కాగా వేసింది విత్తోరియో గస్మన్. ఈయన రంగస్థలం మీద షేక్స్‌పియర్ విషాద నాటకాలు వేసి పేరు తెచ్చుకున్న నటుడు. ఏడాది ముందే మోనిచెల్లి ఆయన్ని హాస్యంలోకి లాక్కొచ్చాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టడంలోనే సగం సినిమా ఉంది. ఒకడు బక్కచిక్కిన అహంకారం, ఇంకొకడు బొద్దుగా ఉండే భయం.

రచన ఆజె, స్కార్పెల్లి అనే జంట, లూచానో విన్చెంజోని, మోనిచెల్లి. విన్చెంజోనికి బీజం దొరికింది ఫ్రెంచ్ రచయిత మొపాసా కథ ఒకదానిలో. ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు ఇద్దరు మిత్రులు చేపలు పట్టుకోవడానికి వెళ్లి పట్టుబడతారు. సంకేతపదం చెప్తే వదిలేస్తామంటారు. చెప్పరు. కాల్చేస్తారు. మొపాసా కథలో ఆ ఇద్దరూ చివరిదాకా మర్యాదస్తులు. ఇటలీ రచయితలు చేసిన గొప్ప మార్పేమిటంటే, ఆ ఇద్దరినీ మర్యాద లేని మనుషులుగా మార్చడం.

మొదటి సీను గుర్తు తెచ్చుకోండి. సైన్యంలో చేర్చుకునే ముందు వైద్యపరీక్ష జరుగుతోంది. జొవాన్ని ఎలాగైనా తప్పించుకోవాలి. అక్కడ పనిలో ఉన్న ఒరెస్తె చేతిలో డబ్బు పెడతాడు. ఒరెస్తె డబ్బు తీసుకుని చేసేదేమీ ఉండదు, చేయగలిగిందీ ఏమీ లేదు. జొవాన్ని ఫిట్ అని తేలిపోతాడు. లంచం ఇచ్చినవాడు, తిన్నవాడు ఇద్దరూ చివరికి ఒకే రైల్లో యుద్ధానికి. అక్కడినుంచి వాళ్ల స్నేహం.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకి వెళ్తాను. మాది పశ్చిమ గోదావరి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, మీలో చాలామంది ‘మిలట్రీ మాధవరం’ అని విని ఉంటారు. ఈ సినిమాలో చూపించిన మహాయుద్ధానికే ఆ ఊరినుంచి కూడా మనుషులు వెళ్లారు, బ్రిటిష్ సైన్యంలో. చిన్నప్పుడు మా ఇంటికి ఆ ఊరి బంధువులు వస్తే మా నాన్నమ్మ కాస్త గౌరవంగా కుర్చీ వేసేది. వాళ్ల తాతల గురించి చెప్పేటప్పుడు ఎవరూ ‘భయపడ్డాడు’ అన్న మాట ఎత్తేవాళ్లు కాదు. ఇంటికి ఉత్తరం రాయించుకున్నప్పుడు ఏమనిపించిందో, మొదటి గుండు పక్కనుంచి పోయినప్పుడు కాళ్లలో ఏమైందో, ఆ మాటలు ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ తాతలే గుర్తొచ్చారు. సైనికుడికి భయపడే హక్కు ఇచ్చిన సినిమా ఇది.

మళ్లీ కథలోకి వద్దాం. బోర్దిన్ అనే సైనికుణ్ణి మర్చిపోకండి. ఫోల్కో లుల్లి వేశాడు. ఇంటి దగ్గర చాలామంది పిల్లలు. ప్రమాదమైన పని ఎవరి వంతుకైనా పడితే, వాళ్ల దగ్గర డబ్బు తీసుకుని ఆ పనికి తాను వెళ్తాడు. వచ్చిందంతా ఇంటికి పంపుతాడు. ప్రాణాన్ని దినకూలీకి అద్దెకిచ్చినట్టు. ఒకరోజు వెళ్లి తిరిగి రాడు. ఆ తర్వాత మన ఇద్దరు మిత్రులకూ అతని భార్య ఎదురవుతుంది. ఏం చెప్పాలి? ఇద్దరికీ మాట పెగలదు. సినిమా అంతా అబద్ధాలాడి బతికిన ఇద్దరు అక్కడ ఒక్క నిజం చెప్పలేక, ఉన్న డబ్బు ఆమె చేతిలో పెడతారు. మొదటి సీన్లో డబ్బు చేతులు మారిన తీరు చూడండి, ఇక్కడ మారిన తీరు చూడండి. సోర్ది ఆమె మొహం వంక చూడకుండా ఉండటానికి పడే అవస్థ ఇంకోసారి చూస్తే తప్ప పూర్తిగా కనపడదు.

ఇంకోటి కాఫీ సీను. ఇద్దరూ పొంచి ఉంటారు. ఎదురుగా ఒక ఆస్ట్రియా సైనికుడు ఒంటరిగా కాఫీ కాచుకుంటున్నాడు. తుపాకీ గురి కుదిరింది. కాల్చాలి. కానీ అతను చేస్తున్నది మనం రోజూ పొద్దున్న చేసే పని. గిన్నె పెట్టి, పొగ చూసి, వాసన చూసి. ‘నువ్వు కాల్చు’ అంటే ‘నువ్వు కాల్చు’. ఇద్దరికీ చేతులు రావు. అంతలో వేరే తుపాకీ పేలుతుంది, ఆ మనిషి పడిపోతాడు. ఇలాంటి అనుభవమే ఎమీలియో లుస్సు తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. ఆయన ఆ యుద్ధంలో నిజంగా అధికారిగా పోరాడినవాడు. శత్రువుల కందకంలోకి దొంగచాటుగా చూస్తే అక్కడివాళ్లు కాఫీ తాగుతున్నారు. ఒక అధికారి సిగరెట్ వెలిగించాడు. తుపాకీ చేతిలో ఉండి కూడా ఆయన కాల్చలేకపోయాడు. ధైర్యవంతుడైన లుస్సుకు కలిగిన అనుభవం ఇక్కడ ఇద్దరు పిరికివాళ్లకు కలిగింది. కాఫీ కాచుకునే మనిషిని చంపలేకపోవడానికి ధైర్యంతో, పిరికితనంతో పనిలేదని నాకు అక్కడ అర్థమైంది.

సిల్వానా మంగానో వేసిన కొస్తాంతీనా పాత్ర గురించి ఎక్కువ చెప్పను, సైనికుల మధ్య ఒళ్లమ్ముకుని బతికే ఆడది. జొవాన్నితో ఆమె పడే గొడవలు, కలిసే క్షణాలు బాగుంటాయి. ఐనా ఆమె వైపు కథ ఇంకాస్త ఉండాల్సిందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇప్పుడు పిరికితనం అనే మాట దగ్గరికి వస్తాను. ఇది లేకపోతే ఆఖరి సీను సగమే అర్థమవుతుంది.

1917 అక్టోబర్ 24. కపొరెత్తో అనే చోట జర్మన్, ఆస్ట్రియా సైన్యాలు ఇటలీ వరసను చీల్చుకుని వచ్చాయి. దాదాపు 3 లక్షలమంది ఖైదీలయ్యారు. మిగిలినవాళ్లు పియావె నది దాకా వెనక్కి వచ్చిపడ్డారు. ఇప్పటికీ ఇటలీలో ఏదైనా ఘోరంగా చెడితే ‘కపొరెత్తో అయింది’ అంటారు. అయితే అక్టోబర్ 28న కదోర్నా ఒక ప్రకటన ఇచ్చాడు. తప్పు తన వ్యూహంలో లేదట. రెండో సైన్యంలోని కొన్ని దళాలు పోరాడకుండా పిరికిగా వెనక్కి వచ్చాయట, కొందరు సిగ్గులేకుండా లొంగిపోయారట. ‘పిరికిగా’ అన్న ఆ మాట అధికారిక ప్రకటనలోనే ఉంది. తన సైనికులను ప్రపంచం ముందు పిరికివాళ్లన్నాడు సర్వసేనాని. ఆ మనిషి హయాంలోనే సైనిక కోర్టులు యమా కఠినంగా పనిచేశాయి. విచారణ జరిపి కాల్చిన సొంత సైనికులే యుద్ధం మొత్తంలో సుమారు 750 మంది. విచారణ లేకుండా అక్కడికక్కడే కాల్చినవాళ్లు వేరు. కొన్నిచోట్ల తప్పుచేసినవాడు దొరక్కపోతే దళంలోంచి చీటీలు తీసి కాల్చారు.

ఇంకో సంగతి. ఖైదీలైన ఇటలీ సైనికులు మొత్తం దాదాపు 6 లక్షలమంది. వాళ్లలో లక్షమంది శత్రువుల శిబిరాల్లో ఆకలికీ, క్షయకూ చనిపోయారు. ఫ్రాన్స్, బ్రిటన్ తమ ఖైదీలకు తిండి పంపాయి. ఇటలీ ప్రభుత్వం పంపడానికి ఇష్టపడలేదు. పట్టుబడితే తిండి దొరుకుతుందని తెలిస్తే అందరూ లొంగిపోతారని భయం. పట్టుబడ్డవాడు పిరికివాడే అనుకున్నారు.

ఇది తెలిశాక ఆఖరి పది నిమిషాలు మళ్లీ తలచుకోండి.

జొవాన్ని, ఒరెస్తె ఇద్దరూ వార్త మోసుకెళ్లే పనిలో ఉన్నారు. వార్త అందించారు. తిరిగి కందకానికి వెళ్లాలి. వెళ్లాలని లేదు. కొట్టంలో పడుకుని కాలయాపన చేశారు. తెల్లారేసరికి ఆ చోటు ఆస్ట్రియావాళ్ల చేతిలోకి పోయింది. తప్పించుకుందామని ఆస్ట్రియా కోట్లు తొడుక్కుని పట్టుబడ్డారు. శత్రువు యూనిఫామ్‌లో దొరికినవాడు గూఢచారి కిందే లెక్క, కాల్చేయడమే. ప్రాణం కోసం ఇద్దరూ కాళ్లబేరానికి వచ్చారు. మాకు ఒక సంగతి తెలుసు, వదిలేస్తే చెప్తాం అన్నారు. ఆ సంగతి పియావె మీద ఇటలీవాళ్లు వేస్తున్న వంతెన ఎక్కడ అన్నది. ఇంకొక్క నిమిషం ఆగితే జొవాన్ని చెప్పేసేవాడే. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. దర్శకుడూ మనకు ఏ అనుమానమూ మిగల్చలేదు.

అప్పుడు ఆస్ట్రియా అధికారి ఒక మాట అంటాడు. ఇటాలియన్‌లో ధైర్యాన్ని ‘ఫెగాతో’ అంటారు, అసలు అర్థం కాలేయం. ‘వీళ్లకు తెలిసిన ఫెగాతో ఒక్కటే, ఉల్లిపాయలేసి వెనిస్ పద్ధతిలో వండేది. అది కూడా త్వరలో మనమే తింటాం’ అంటాడు. అంటే వెనిస్ కూడా మాదే అవుతుంది అని.

ఈ మాట మన తెలుగువాళ్లకు చెప్పడం నాకు ఎంత తేలికో చూడండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ దగ్గర పాపం చెమటలు పట్టి ఉంటాయి. ఈ హైదరాబాద్‌లో మనం ‘వాడికి ఖలేజా ఉందిరా’ అంటాం. ఆ ఖలేజా ఉర్దూ కలేజా, అంటే కాలేయమే. మటన్ కొట్టుకెళ్తే అదే కార్జం. ధైర్యానికి మనం వాడే మాటా, కూరకి కొట్టించుకునే ముక్కా ఒకటే. ఆ అధికారి అన్నదాన్ని తెలుగులో చెప్పాలంటే, ‘వీళ్లకు ఖలేజా ఎక్కడిది, ఉల్లిపాయలేసి వేపిన కార్జం తప్ప!’ అని. ఇందాక వెనక నుంచి ఎవరో నవ్వారు. నవ్వాల్సిందే, మంచి మాటే అది. జొవాన్ని కూడా నవ్వి ఊరుకోవచ్చు. ప్రాణం దక్కేది.

గస్మన్ మొహం ఆ క్షణంలో చూడండి. ముందు అర్థం కానట్టు ఒక చిన్న ఆగడం. తర్వాత మెడ నిటారుగా లేస్తుంది. అప్పటిదాకా అధికారితో మామూలు ఇటాలియన్‌లో బతిమాలుతున్నవాడు ఒక్కసారిగా మిలన్ యాసలోకి మారిపోతాడు. నువ్వు ఇలా మాట్లాడుతున్నావు గనక నీకు ఒక్క ముక్క కూడా చెప్పను, తెలిసిందా, పెంట మొహం వెధవా! అంటాడు. కోపం నెత్తికెక్కితే ఎవడికైనా ఇంట్లో మాట్లాడే భాషే వస్తుంది. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లుగా ఉన్న నేను కూడా నిజంగా కోపమొస్తే గోదావరి యాసలోనే తిడతాను. ఆ మారడంలోనే ఉంది అంతా. అక్కడ జొవాన్నికి ఇటలీ గుర్తు రాలేదు, రాజు గుర్తు రాలేదు, జెండా గుర్తు రాలేదు. అతను దేశం కోసం చావలేదని నేను గట్టిగా చెప్తాను. తన మొహం మీద తనను మనిషిగా లెక్కపెట్టకుండా మాట్లాడితే పడలేకపోయాడు. పరువు. మా ఊళ్లో అయితే రోషం అంటాం. తోటి సైనికులు, సొంత అధికారులు, ఆఖరికి సర్వసేనాని కూడా పిరికివాళ్లు అన్న జనం. ఆ మాట అనడానికి పరాయివాడికి హక్కు ఇవ్వలేదు.

ఒరెస్తె సంగతి ఇంకా కష్టం. జొవాన్నిని గోడ దగ్గరికి తీసుకెళ్లి కాల్చేశారు. సోర్ది ఏడుస్తాడు, అరుస్తాడు. నాకేం తెలియదు, తెలిస్తే చెప్పేవాణ్ణి, నేను పిరికివాణ్ణి, అందరికీ తెలుసు! అని. అతన్నీ కాల్చేశారు. చాలామంది ఇక్కడ ఒరెస్తెకు నిజంగానే తెలియదనుకుంటారు. నాకలా అనిపించదు. ఇద్దరూ ఒకే దారిలో వచ్చారు, ఒకే కొట్టంలో పడుకున్నారు. ఒకడికి తెలిసింది రెండోవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? స్నేహితుడు చచ్చిపోయి దాచిన రహస్యం అది. దాన్ని దాచడానికి ఒరెస్తె దగ్గర వీరుడి మాటలు లేవు. జీవితమంతా మోసిన పిరికివాడనే పేరు ఒక్కటే ఉంది. దాన్నే అడ్డం పెట్టుకున్నాడు. వణుకుతూ, ఏడుస్తూ, కాళ్లు తడబడుతూ, ఆ మాట మాత్రం చెప్పలేదు. భయపడుతూనే చెప్పలేదు. ప్రపంచ సినిమాలో ఇంత పెద్ద ధైర్యాన్ని ఇంత పిరికి గొంతుతో చూపించిన సీను ఇంకోటి నాకు కనపడలేదు.

నవ్వించడానికి పిలిచిన ఇద్దరినీ కథ చివర ఇలా చంపేయడం అప్పటి ప్రేక్షకులకు కొత్త. తర్వాతి ఏడాదే, 1960లో, ఇదే సోర్ది, ఇదే రచయితల జంట లుయీజీ కొమెన్చీని దర్శకత్వంలో రెండో ప్రపంచ యుద్ధం మీద ‘తుత్తి అ కాజా’ తీశారు. అంటే ‘అందరూ ఇంటికి’ అని. 1943 సెప్టెంబర్ 8న ఇటలీ యుద్ధ విరమణ ప్రకటించింది, సైన్యానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అందులో సోర్ది లెఫ్టినెంట్. నిన్నటిదాకా మిత్రులైన జర్మన్లు కాల్చడం మొదలుపెడితే కల్నల్‌కు ఫోన్ చేసి, ‘సార్, నమ్మలేని సంగతి, జర్మన్లు అమెరికావాళ్లతో కలిసిపోయారు!’ అంటాడు. వచ్చే నెల ప్రదర్శనకు దాన్నే వేయమని నిర్వాహకులను అడుగుతాను. ఈ రెండూ వెంటవెంటనే చూడాలి.

చివరగా ఆ ఊళ్ల సంగతి. ఈ సినిమాలో చాలా భాగం ఇటలీ ఈశాన్యంలో ఫ్రియూలీ ప్రాంతంలో తీశారు. జెమోనా, వెన్జోనె, పాల్మనోవా చుట్టుపక్కల. జుసెప్పె రొతున్నో కెమెరా ఆ రాతి ఇళ్లను, బురద దారులను నలుపు తెలుపుల్లో, పెద్ద వెడల్పు తెర మీద చూపించిన తీరు మీరు చూశారు. గుంపులు గుంపులుగా సైనికులు నడుస్తుంటే ఒక్కో మొహం విడివిడిగా కనపడుతుంది. 1976 మే 6 రాత్రి ఆ ప్రాంతంలో భూకంపం వచ్చింది. దాదాపు వెయ్యిమంది చనిపోయారు. ఆ సెప్టెంబర్‌లో మళ్లీ కంపించింది, జెమోనా, వెన్జోనె నేలమట్టమయ్యాయి. వెన్జోనెవాళ్లు ఊరిని వేరేచోట కొత్తగా కట్టుకోవడానికి ఒప్పుకోలేదు. పడిపోయిన చర్చి రాళ్లను ఏరి, పొలంలో పరిచి, నంబర్లు వేసి, ఏ రాయి ఎక్కడిదో పాత ఫోటోలతో సరిచూసి, ఎక్కడి రాయిని అక్కడే పెట్టి కట్టుకున్నారు. ఏళ్లు పట్టింది.

కాబట్టి ఇందాక మీరు తెరమీద చూసినవి భూకంపానికి ముందటి ఊళ్లు. అవి ఇప్పుడు అలా లేవు. ఆ సైనికుల గుంపుల్లో నడిచినవాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల జనమే అయి ఉంటారు, వాళ్లలో ఎవరి తాతో పియావె దగ్గర నిలబడి ఉంటాడు. ఇంకోసారి చూసేటప్పుడు సోర్దిని, గస్మన్‌ని కాసేపు వదిలేసి వెనక నడిచే ఆ మొహాలను చూడండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. కిటికీ పక్కనున్న ఆ పెద్దాయన అందరికంటే ముందు చేయెత్తారు. చెప్పండి సార్.